బైరప్ప ఈనాం అడగలేదు

మళ్ళీ వస్తానన్నాడట. అలసూరు వైపు ఇంకో రెండు టెలిగ్రాములు ఇవ్వాల్సి ఉన్నాయట, అవి ఇచ్చేసి పన్నెండులోపల వస్తానన్నాడట. నా చేతికియ్యప్పా, ఆయమ్మ వస్తానే ఇస్తాను అని పక్క వాటా పాపక్క ఎంత అడిగినా నా టెలిగ్రాం ఇవ్వలేదట. సెలవు రోజు గదా అని నేను మార్కెట్టుకు పోయి, వంకాయలు పుచ్చులని ఒకడితో, తూకం తక్కువని ఇంకొకడితో పోట్లాడి, సంచి నింపుకొని వచ్చేసరికి పదకొండయింది. ఆ రెండు పోట్లాటల్లో ఒకటి మానుకున్నా బైరప్ప నాకు వాకిట్లోనే దొరికేవాడు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని మా అమ్మ ఊరికే అనలేదు. ఇప్పుడు గడప మీద కూర్చున్నాను. సంచి పక్కకు ఒరిగి నాలుగు వంకాయలు దొర్లిపోయాయి, ఏరబుద్ధి కావడం లేదు. మా వఠారంలో ఆరు వాటాలు, నడుమ కొళాయి, ఆ కొసన వీధి తలుపు. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ తలుపులోంచి మర్ఫీ టౌన్ వీధి మూరెడు కనబడుతుంది. ఆ మూరెడు వీధిలోకి టెలిగ్రాం బైరప్ప ఎర్ర సైకిలు రావాలి.

"ఈనాం అడిగినాడా?" సంచి దించకముందే పాపక్కను అడిగింది అదే. ఎవరి దగ్గర్నుంచి అని అడగలేదు. ఎక్కణ్ణుంచి అనీ అడగలేదు. నాకు టెలిగ్రాం ఇచ్చేవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, మా ఆయన ఏలియా. లేకపోతే ఏలియా గురించి వాళ్ళ పల్టన్ ఇవ్వాలి.

పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేదు రూతమ్మా. నోరే తెరవలేదు. శుభమేనా అప్పా అంటే తలకాయ వంచుకొని సైకిలెక్కి పోయినాడు. ఏం రాసిపెట్టి ఉండాదో తల్లీ."

ఈ చుట్టుపక్కల చీమకు కూడా తెలిసిన సంగతి ఇది. తంతి ఆఫీసులో కాగితం మీద మాటలు అంటించే గుమాస్తా, కవరు మూసేముందు బంట్రోతు చెవిన ఒక మాట వేస్తాడు, ఇది పెళ్ళిది, ఇది చావుది అని. మంచిదైతే బైరప్ప సందు మొదట్నుంచే గంట కొట్టుకుంటూ వస్తాడు, అమ్మా శుభం, ఈనాం తీసి పెట్టు అని కేక వేస్తాడు, చేతిలో పడిందాకా కదలడు. చెడ్డదైతే సంతకం పెట్టించుకొని, పెన్సిలు చెవి వెనక దోపుకొని, తల వంచుకొని వెళ్ళిపోతాడు. సరిహద్దు కొండల్లో యుద్ధం మొదలైనప్పట్నుంచి ఈ వీధుల్లో అందరి చెవులూ అతని నోటి మీదే ఉన్నాయి. సాపర్ పల్టన్ సిపాయిల ఇళ్ళు ప్రతి సందులోనూ ఉన్నాయి మరి. ఎంగిలిచేత్తో కాకిని తోలని వాళ్ళు కూడా, అడుగప్పా, అడుగు అని మనసులో మొక్కుకుంటూ గుమ్మంలో నిలబడేవాళ్ళు, అతను అడగ్గానే లోపలికి పరిగెత్తి డబ్బా బోర్లించేవాళ్ళు. వెనక సందులో పోయిన మంగళవారం అడగలేదు. సైకిలు మలుపు తిరగకముందే ఆ ఇంట్లో ఏడుపు మొదలైంది. కవరు అప్పటికింకా చించనే లేదట.

అందుకే పాపక్క కాఫీలో చక్కెర రెండింతలు వేసి తెచ్చింది. అందుకే కొళాయి దగ్గర బిందె చప్పుడు కావడం లేదు, పొద్దున్నే వంతు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు, నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అని గుసగుసగా మర్యాదలు చేసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. ఆగండి. మా ఆయన్ని అప్పుడే పాతిపెట్టకండి. యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పి వారమైంది, మీరూ విన్నారు, నేనూ విన్నాను. ఇంకా మీకు తెలియంది ఒకటుంది. బైరప్ప నా వాకిట్లో ఈనాం అడగడు. మంచి వార్త తెచ్చినా అడగడు. అడగొద్దని చెప్పింది నేనే.

అక్టోబరు మొదటి వారం. ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి అప్పుడే నడుం వాల్చాను. మిట్టమధ్యాహ్నం, వఠారంలో ఆడవాళ్ళంతా ఎవరింట్లోనో సీమంతానికి పోయారు. అమ్మా శుభం, ఈనాం అని కేక. లేచి, సంతకం పెట్టి, చించి చూస్తే హవల్దారునయ్యాను, క్షేమం, ఏలియా అని ఉంది. సంతోషం వేయలేదని కాదు, వేసింది. కాని నాకు సంతోషం కంటే ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుక. కార్డు ముక్క రాస్తే పోయేదానికి టెలిగ్రాం ఎందుకు, వంటి మీద బనీను చిరిగి ఉంటుంది, ఈయనకు తంతి దర్జా అని ఆయన మీద మొదలైంది. ఆయన అందలేదు, అంత దూరం తేజ్‌పూరులో ఉన్నాడు. బైరప్ప అందాడు. చెయ్యి చాపి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. సర్కారు నీకు జీతం ఇవ్వడం లేదా అన్నాను. మా సంతోషం మాకే అమ్ముతావా అన్నాను. ఎన్ని కాన్పులు చేసిన చేతులో ఇవి, ఒక్కరి ముందూ చాపలేదు, కవరు అందించడానికే నీకింత గొప్పా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చావు కబురు తెచ్చిన ఇంట్లో కూడా ఇట్లాగే చాపుతావా అన్నాను.

నవ్వు పోయింది అతని ముఖంలోంచి. "లేదు తల్లీ," అన్నాడు. "ఆ ఇండ్లల్లో మేము నోరు తెరవం. ఈనాం అడిగే ఇండ్లు నాలుగుండాయి కాబట్టే, అడగని ఇంటికి పోయేకి కాళ్ళు వస్తాయి."

ఇంకెప్పుడూ ఈ గడప దగ్గర అడగొద్దు అన్నాను. సరే తల్లీ, ఈ వాకిట్లో అడగను అన్నాడు. ఖాకీ టోపీ సరిచేసుకొని వెళ్ళిపోయాడు. విన్నవాళ్ళు ఎవరూ లేరు, నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గొప్పగా చెప్పుకోదగ్గ పనే అనుకున్నాను, ఎందుకో చెప్పలేదు. తరవాత ఒక ఆదివారం చర్చి గేటు దగ్గర ఎదురయ్యాడు. దండం తల్లీ అన్నాడు, ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు. అది గుర్తుంచుకున్న మనిషి చేసే పని. మరిచిపోయినవాడు ముఖం తిప్పుకోడు. అవునా కాదా? అవును. నా మాట అతనికి ముల్లులా దిగి ఉండాలి, ఇంకా సలుపుతూ ఉండాలి. దేవా, అది ఇంకా సలుపుతూ ఉండేట్టు చూడు. నేను ఒక మనిషిని నిజంగా, మనసు విరిగేట్టు అవమానించి ఉంటేనే నా మొగుడు బతికి ఉన్నట్టు. సగం సగం అవమానించి ఉంటే, అతను పోనీలే నోటిదురుసు ఆమె అని మరిచిపోయి ఉంటే, ఇవాళ అడిగి ఉండేవాడు. అడగలేదు కాబట్టి మరిచిపోలేదు. లేదా.

ఆ లేదా దగ్గరికి పోను. మణికట్టు పట్టుకొని నాడి చూసుకున్నాను, అలవాటు. నూట పది. పేషంటుకుంటే డాక్టరమ్మను పిలుస్తాను. తల వంచుకొని సైకిలెక్కాడని పాపక్క అంటోంది, సైకిలెక్కేటప్పుడు ఎవరైనా పెడలు చూసుకోరా? రూతమ్మ చేతికే ఇయ్యాల అన్నాడట. పోయినసారి కూడా నా చేతికే ఇచ్చాడు, కాని పోయినసారి నేను ఇంట్లోనే ఉన్నాను. పల్టన్ నుంచి వచ్చేవి భార్య చేతికే ఇవ్వాలని రూలేమైనా ఉందా? ఉంటుందేమో. ఎవరినడగాలి? ఆఫీసుకే పోతే? పోతే అతను ఇటు రావచ్చు, నేను అటు, అతను ఇటు, పొద్దు గూకేదాకా కాలుగాలిన పిల్లిలా తిరగడమే. కూర్చో రూతూ. మూరెడు వీధి వైపు చూస్తూ కూర్చో. జట్కా పోయింది. ఎవరో గొడుగు వేసుకొని పోయారు, నవంబరు ఎండకు గొడుగేమిటో.

మా నాయన ప్రభుదాసు కడప జిల్లాలో మిషను బడి పంతులు. పండక్కి పిల్లల తల్లులు తెచ్చిన గుమ్మడికాయ కూడా వెనక్కి పంపేవాడు. కూలి అడుగు, కానుక అడగొద్దు, కానుక అలవాటైన చెయ్యి కూలికి వంగదు అనేవాడు. ఆ గుమ్మడికాయ కోసం మా అమ్మ లోపల కళ్ళు తుడుచుకునేది, ఆ రోజు ఇంట్లో కూర ఉండేది కాదు. నేను నాయన పోలికే. నర్సు పనిలో చేరిన కొత్తలో ఆసుపత్రిలో శాంతమ్మ అని ఆయా ఉండేది. పుట్టిన బిడ్డను గుడ్డలో చుట్టి కాన్పుల గది తలుపు దగ్గర నిలబడేది. మగపిల్లోడు, చీర పెట్టాల్సిందే. ఆడపిల్ల, పోనీ అర్ధరూపాయి చాలు. ఇచ్చిందాకా బిడ్డను తండ్రి చేతికి ఇచ్చేది కాదు. ఒకరోజు ఒక బీదవాడు, మట్టి పనివాడు, జేబులు రెండూ బయటికి లాగి చూపించి ఏడుపు ముఖం పెట్టాడు. నేను బిడ్డను ఆమె చేతుల్లోంచి లాక్కొని అతనికిచ్చాను, తిన్నగా మేట్రన్ గదికి పోయి చెప్పాను. సాయంత్రానికి శాంతమ్మ పని పోయింది. ఇంటికొచ్చి ఏలియాకు గొప్పగా చెప్పాను. అన్నం తింటున్నాడు. ఆమెకెంతమంది పిల్లలే అన్నాడు. నాకేం తెలుసు అన్నాను. చెయ్యి కడుక్కున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి హాయిగా నిద్రపోయేదాన్ని.

ఆయన మనిషే వేరు. ఎముక లేని చెయ్యి. మంగలికి ఇస్తాడు, బట్టలు తెచ్చిన చాకలికి ఇస్తాడు, సినిమాలో దారి చూపించడానికి టార్చి కొట్టినవాడికి ఇస్తాడు, మనకు కళ్ళు లేవా అంటే వాడికి పిల్లలు లేరా అంటాడు. పెళ్ళయిన కొత్తలో శివాజీనగర్‌లో కాఫీ తాగించాడు. తాగి లేచేటప్పుడు సాసరు కింద ఒక అణా జారవిడిచాడు. నేను వెనకాల వచ్చేదాన్ని, మరిచిపోయాడు కాబోలని తీసి ఆయన చేతిలో పెట్టాను. సర్వరు చూస్తూనే ఉన్నాడు. ఏలియా ముఖం ఎర్రబడింది, గొడుగు మరిచిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆ రోజు మేం గొడుగు తీసుకుపోనేలేదు. ఇంకోసారి జట్కాలో వచ్చాం, దిగాక మాట్లాడుకున్న బాడుగ ఇచ్చి, పైన పావలా ఇచ్చాడు. నేను గుర్రుమన్నాను. ఇది ఇతనికి కాదులేవే, గుర్రానికి అన్నాడు. జట్కావాడు నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది, నవ్వినందుకు ఇంటిదాకా మళ్ళీ కోప్పడుతూ వచ్చాను. ఎందుకు ఇస్తావని ఒకసారి నిజంగానే అడిగాను, కోపం లేకుండా. ఏమోనే, వాళ్ళు మనిషి ముఖం చూస్తారు గదా, ఊరికే పోబుద్ధి కాదు అన్నాడు. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ లేదు ఆయన దగ్గర. సిద్ధాంతాలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

కంటోన్మెంటు స్టేషను గుర్తు రాకూడదనుకుంటే అదే వచ్చింది. సెప్టెంబరు, సన్నగా జల్లు. ట్రంకుపెట్టె ఆయనే భుజానికెత్తుకున్నాడు, పోర్టరు ఊరికే పక్కన నడిచాడు, కనీసం పక్క చుట్ట కూడా పట్టుకోలేదు. ఐనా బండెక్కాక కిటికీలోంచి వాడికి పావలా ఇచ్చాడు. నాకు కళ్ళ నిండా నీళ్ళున్నాయి, అవి ఆయన చూడకూడదు, దాచుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. వాడికెందుకిచ్చావు అని అరిచాను. పెట్టె మోశాడా, చుట్ట మోశాడా, నీ డబ్బేమైనా చెట్టుకు కాస్తోందా అన్నాను. బండి కదిలింది. పోనీలేవే, తిరిగొచ్చేటప్పుడు గుర్తుపడతాడు అన్నాడు. నేను జాగ్రత్త అనలేదు. ఉత్తరం రాయమనలేదు. ప్రార్థన చేస్తాననలేదు. బండి పక్కన నడుస్తూ, గుర్తుపట్టి ఏం చేస్తాడు వాడు, హారతిస్తాడా అన్నాను. పదేళ్ళు కాపురం చేసి, పిల్లా జెల్లా లేక ఒకరికొకరం ఉండి, నేను ఆయనకు కట్టి పంపిన మాట అదీ. ఏలియా, నేను అన్నది అది కాదు. నీకు తెలుసు గదా అది కాదని. నువ్వు కిటికీలోంచి నవ్వావు, తెలిసే నవ్వావు గదా.

పాపక్క మళ్ళీ వచ్చి నా పక్కన కూలబడింది. "మీ దేవుడు మీకుండనీ రూతమ్మా, నేను మాత్రం ఎల్లమ్మకు మొక్కినాను. మంచి కబురైతే కోడిని ఇస్తానని."

మామూలప్పుడైతే దేవతకు కూడా బక్షీసా పాపక్కా అని ఒక మాట విసిరేదాన్ని. ఇప్పుడు రెండు కోళ్ళనకపోయావా అనిపించింది. సిగ్గు లేదు నాకు. ముందిస్తే లంచం, పని అయ్యాక ఇస్తే బహుమానం అని నర్సు పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు ఇవ్వబోయేది ఏది? కవరు మూసే ఉంది, లోపల అక్షరాలు అంటించే ఉన్నాయి, ఏ డబ్బుకూ అవి మారవు. నాకు తెలుసు. తెలిసే లేచి లోపలికి పోయాను, బైబిలు పక్కనున్న డబ్బా తీశాను. పావలా తీశాను. పావలా ఇస్తే కోపం పోతుందా అతనికి? అర్ధరూపాయి తీశాను. ఎక్కువిస్తే, ఈమె నన్ను కొనాలని చూస్తోంది అనుకుంటాడా? ఏలియా అయితే ఎంత ఇచ్చేవాడు? ఏలియా అయితే చూడకుండా తీసి చూడకుండా ఇచ్చేవాడు. రూపాయి నోటు తీశాను. మడతలు పడి మెత్తబడిన నోటు. అది గుప్పిట్లో పెట్టుకొని వచ్చి మళ్ళీ గడప మీదే కూర్చున్నాను. ఏం చేయాలో తెలిసింది. అతను కవరు ఇస్తాడు. నేను చించను. ముందు, ఆ రోజు అన్నది తప్పని చెప్తాను, ఈ గడప దగ్గర అడగొచ్చని చెప్తాను. అప్పుడు అడిగితే ఏలియా ఉన్నట్టు. అడగకపోతే. అడుగుతాడు. కట్టు విప్పేస్తే అడగడానికి అతనికేం అడ్డం?

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలైంది. నాలుగో ఐదో కొట్టేసరికి మూరెడు వీధిలోకి ఎర్ర సైకిలు వచ్చింది. దాని గంట మోగలేదు. నా వాకిలికి మోగించడు గదా, మోగించడు. సైకిలు గోడకు ఆనించాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు దారిచ్చారు, ఆరు వాటాల తలుపులూ తెరుచుకున్నాయి. వస్తున్నాడు. ముఖం చూడాలి. చూశాను. ఏమీ లేదు ఆ ముఖంలో, చెమట ఉంది. లేచాను. కాగితం ముందుకు పెట్టాడు, పెన్సిలు ఇచ్చాడు, సంతకం పెట్టాను, రూతు అన్న రెండక్షరాలు మూడు చోట్లకు పోయాయి. కవరు నా చేతికొచ్చింది. పెన్సిలు తీసి చెవి వెనక దోపుకున్నాడు.

"ఆగు బైరప్పా," అన్నాను. "ఆ రోజు నేను నిన్ను అనరాని మాటలన్నాను. తప్పు నాదే. ఈ గడప దగ్గర నువ్వు అడగొచ్చు. అడుగు."

"ఏమి తల్లీ?"

"ఈనాం. అడుగు."

నా వైపు చూశాడు. పాపక్క వైపు చూశాడు. కొళాయి దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డ వాళ్ళ వైపు చూశాడు. చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే దోపుకున్నాడు. కోపమా, ఇంకా కోపమేనా? కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. "నోరు తెరిచి అడుగప్పా. నీకు దండం పెడతాను. నా కోసం అడుగు."

చర్చి గంట ఎప్పుడో ఆగిపోయింది. అప్పుడు చెయ్యి చాపాడు.

"ఈనాం ఇయ్యి తల్లీ," అన్నాడు.

"అడిగినాడు!" పాపక్క కేకకు పావురాలు లేచాయి. "అడిగినాడమ్మా, అడిగినాడు!" కొళాయి దగ్గర బిందెలు ఒక్కసారిగా మోగాయి, ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, ఎవరో లోపలికి పరిగెత్తి చక్కెర డబ్బా తెచ్చారు. నేను తలుపు పట్టుకున్నాను. నవ్వొచ్చింది. నా జన్మలో మొదటిసారి కోపం కంటే ముందు సంతోషం వచ్చింది. ఏలియా, వింటున్నావా, నీ పోర్టరును నేనే వెతికి పట్టుకుంటాను, నువ్వు దిగే రోజు వాడికి నా చేత్తో ఇస్తాను. రూపాయి నోటు బైరప్ప అరచేతిలో పెట్టాను, పెట్టి కవరు అంచు పట్టుకున్నాను.

అతను వెళ్ళలేదు. ఇచ్చింది కళ్ళకద్దుకొని చటుక్కున జేబులో వేసుకునే మనిషి. నోటు నేను పెట్టిన చోటే ఉంది. వేళ్ళు మూసుకోలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

"జేబులో పెట్టుకో బైరప్పా," అన్నాను.

పెట్టుకోలేదు. "అడగమంటివి గదమ్మా," అన్నాడు, నాకొక్కదానికే వినబడేట్టు. "అడిగినా."

ఏలియా లేడు. కవరు ఇంకా చించలేదు. పాపక్క వెనక నుంచి నా భుజాలు పట్టుకొని ఊపుతోంది, "చదువమ్మా, గట్టిగా చదువు, అందరమూ వింటాం" అని నవ్వుతోంది.